పాత్రకు తగిన వేషం

నాటకంలో పాత్ర నోరు విప్పకముందే ఒంటి మీది బట్ట మాట్లాడటం మొదలుపెడుతుంది. తెర లేచి దీపాలు వెలగగానే ప్రేక్షకుడి కంటికి ముందు రంగు అందుతుంది, తర్వాత ఆకారం, ఆ తర్వాత నగ. పద్యం చెవిన పడేసరికి వచ్చినవాడు రాజో బంటో, వచ్చినామె ఇల్లాలో వెలయాలో సగం తేలిపోయి ఉంటుంది. భరతుడు అభినయాన్ని నాలుగు విధాలుగా చెప్పి, ఆంగికం, వాచికం, సాత్త్వికం అనే మూడింటి సరసన ఆహార్యాన్ని కూర్చోబెట్టింది ఇందుకే. కథలోని మనిషికి బట్టలూ నగలూ చేతిలో వస్తువులూ ఎంచే పని ఆహార్యం కిందికే వస్తుంది.

నాట్యశాస్త్రం వేషాన్ని మూడుగా విడదీసింది. శుద్ధం, విచిత్రం, మలినం. గుడికి వెళ్లేవారికీ, శుభకార్యంలో ఉన్నవారికీ తెల్లబట్ట. దేవతలకూ రాజులకూ శృంగార నాయకులకూ రంగురంగుల బట్ట. తాగినవాడికీ, మతి తప్పినవాడికీ, దూరప్రయాణం చేసి వచ్చినవాడికీ, ఆపదలో ఉన్నవాడికీ మాసిన బట్ట. అంటే హోదా ఒక్కటే చూస్తే చాలదు. ఆ ఘడియలో ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో కూడా చూడాలి. రాజే అయినా ఆపదలో ఉంటే బట్ట మాసి ఉండాలి. నగల విషయంలో భరతుడి సలహా ఇంకా ముచ్చటైనది. బరువైన బంగారు నగలు పెడితే నటుడు అలసి సొమ్మసిల్లుతాడు కాబట్టి లక్కతో, అభ్రకంతో, పలచని రేకుతో తేలికగా చెయ్యమన్నాడు. కృష్ణా తీరంలో కూచిపూడి భాగవతులు బూరుగు లాంటి తేలిక కర్రను చెక్కి, పైన రంగు కాగితం, అద్దం బిళ్లలు అతికి భుజకీర్తులూ కిరీటాలూ చేసుకున్నది ఆ తర్కంతోనే.

తెలుగు రంగస్థలం మీద ఈ విద్యను శిఖరానికి తీసుకెళ్లినవారు స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడబోతుండగా చంద్రమతి వేషం కట్టవలసిన నటుడు రాలేదు. ఆ లోటు తీర్చడానికి కట్టిన చీరతోనే ఆయన నటజీవితం మొదలైంది. ఆ తర్వాత తెనాలి శ్రీరామవిలాస సభలో చేరి సత్యభామ, చిత్రాంగి, రోషనార, దేవదేవి, చింతామణి, మధురవాణి పాత్రలతో ఆంధ్రదేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. తన పాత్రల గురించి తానే ‘నటస్థానం’ అనే పుస్తకం రాశారు. 1971లో కన్నుమూశారు.

మగవాడు ఆడవేషం కట్టేటప్పుడు చీర అందంగా ఉంటే సరిపోదు. మగ ఒంటిని చూపు మీద పడకుండా దాటించాలి. భుజాలు విశాలంగా ఉంటాయి కాబట్టి రవికె ముదురు రంగులో ఉండాలి, పైట భుజం అంచును కప్పుతూ జారాలి. ముంజేతి నరాలు కనపడకుండా మోచేతి దాకా చేతుల రవికె, మణికట్టు నిండా గాజులు. గొంతుముడి మగతనాన్ని ఇట్టే పట్టిస్తుంది. మెడకు అంటిపెట్టుకునే కంటో అడ్డిగో దాన్ని దాచిపెడుతుంది. నడుము దగ్గర కుచ్చెళ్లు ఎంత దట్టంగా పోస్తే నడక అంత కుదురుగా వస్తుంది, ఎందుకంటే బట్ట అడుగు పొడవును తగ్గిస్తుంది. నడకను నటుడు నేర్చుకుంటాడన్నది సగమే నిజం. మిగిలిన సగం చీరకట్టు నేర్పుతుంది.

అంతకన్నా కష్టమైన పని ఒకటుంది. సత్యభామా, చిత్రాంగీ ఇద్దరూ రాజు భార్యలే, ఇద్దరూ అందగత్తెలే, ఇద్దరికీ పట్టుచీరే. కానీ ఒకే నటుడు ఇద్దరినీ కట్టినప్పుడు ప్రేక్షకుడికి ఇద్దరు ఆడవాళ్లు కనపడాలి. సత్యభామకు సౌభాగ్యగర్వం ఉంది. ఆమె నగ భర్త ప్రేమకు సాక్ష్యం, కాబట్టి ఎంత నిండుగా పెట్టినా చెల్లుతుంది. జడ ఆమెకు ఒంటి మీది జెండా. రాగిడి, నాగరం, కుచ్చులు అన్నీ ఉండాలి. భామాకలాపంలో తెర మీదుగా జడ వేసి పాత్ర ప్రవేశం చేయించే ఆచారం తెలుగువాళ్ల కళ్లలో ఉండిపోయింది కాబట్టి ఆ జడ లేని సత్యభామను జనం ఒప్పుకోరు. చిత్రాంగి సంగతి వేరు. ముసలి రాజు పడుచు భార్య, సవతి కొడుకు మీద మనసు పడిన మనిషి. ఆమె అలంకారంలో ఎదురుచూపు ఉండాలి. బరువైన వడ్డాణం కన్నా పలచని పైట, తలనిండా పూలు ఆమె మనసును ఎక్కువ చెబుతాయి. రోషనార మొగలు రాకుమారి. అక్కడ చీరే ఉండదు, పైజామా మీద ఘేరు ఉన్న పేష్వాజు, తల మీద జారే ముసుగు. ముసుగు ఎప్పుడు తీయాలి, ఎవరి ముందు తీయాలి అన్నది కూడా వేషంలో భాగమే.

వేషంలో వేషం అన్నిటికన్నా గడ్డు పరీక్ష. విప్రనారాయణలో దేవదేవి పందెం కట్టి, నగలన్నీ వలిచి, దాసిలాగా ఆశ్రమం చేరుతుంది. ఆ నూలుచీరలో విప్రనారాయణుడికి పరమభక్తురాలు కనపడాలి, ప్రేక్షకుడికి వెనకటి వేశ్య కనపడుతూనే ఉండాలి. ఈ రెండూ సాధించాలంటే ఒక్క గుర్తు మిగల్చాలి: కాటుక తీరు గానీ, చీరకట్టులో ఏదో ఒక మెళకువ గానీ. గురజాడ కన్యాశుల్కంలో ఇది ఇంకో మెట్టు పైకి వెళుతుంది. మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. స్థానం మధురవాణి కట్టిన రోజున మగవాడు ఆడదై, ఆ ఆడది మళ్లీ మగవాడై కనపడాలి. ఆ తలపాగా, ఆ అంగీ నటుడి ఒంటికి అచ్చంగా అమరితే పాత్ర చచ్చిపోతుంది. ఒకరి బట్టలు ఇంకొకరు కట్టుకున్నట్టు కొంచెం వదులుగా ఉంటేనే లోపల మధురవాణి బతికి ఉంటుంది.

అదే నాటకంలో కంటె సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మధురవాణి కంటె రామప్పపంతులు చేతుల మీదుగా పెళ్లికి వెళ్లడం, అది తిరిగి రాకపోవడం, దాని కోసం రచ్చ జరగడం కథను నడిపిస్తాయి. ఇలాంటి నగను అలంకారంగా చూస్తే తప్పు. మొదటిసారి మధురవాణి మెడలో కనపడినప్పుడే అది ప్రేక్షకుడి కంట పడాలి, గుర్తుండిపోవాలి. దాని పక్కన ఇంకో నాలుగు గొలుసులు వేస్తే అది కలిసిపోతుంది. కథలో పనిచేసే నగ ఒంటరిగా ఉండాలి.

బలిజేపల్లి లక్ష్మీకాంతం బాపట్ల తాలూకా వారే. ఆయన సత్యహరిశ్చంద్రీయం పల్లెపల్లెనా ఆడింది. అందులో మంగళసూత్రం సరిగ్గా ఇలాంటి వస్తువు. చంద్రమతి మెడలోని సూత్రం భర్తకు తప్ప ఇంకెవరికీ కనపడదు. కాటికాపరి కాటిసుంకం కోసం ఆ సూత్రం మాట ఎత్తినప్పుడే ఎదుట ఉన్నవాడు తన భర్త అని ఆమెకు తెలుస్తుంది. మరి రంగస్థలం మీద దాన్ని ఎలా చూపాలి? ప్రేక్షకుడికి కనపడేలా వేస్తే కథ తప్పుతుంది. అసలు వెయ్యకపోతే చంద్రమతి విధవరాలిలా కనపడుతుంది. పైట చెంగు మెడ చుట్టూ తిప్పుకుని సూత్రాన్ని లోపల ఉంచి, ఆ ఘట్టంలో మాత్రమే చెయ్యి మెడ మీదికి పోనివ్వడం మేలు. హరిశ్చంద్రుడి వేషానిది ఇంకో క్రమం. మొదటి రంగంలో కిరీటం, జరీ అంగరఖా. అడవిలో నగలు పోయి బట్ట మాత్రం మిగులుతుంది. కాశీలో ఆ బట్టా మాసిపోతుంది. కాటిలో గొంగడీ, చేతికర్రా. ఒక్కో రంగానికి ఒక్కో వస్తువు రాలుతూ పోవాలి. రెండో రంగంలోనే చింకిగుడ్డలు కట్టించే నాటక సమాజాలు ఉన్నాయి. అప్పుడు కాటిరంగానికి ఏమీ మిగలదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో శివరాత్రికో తిరునాళ్లకో పద్యనాటకం కట్టించడం పాత అలవాటు. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాలు, జనం నోట కురుక్షేత్రం, అందులో మకుటం లాంటిది. కాంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒక్క రాత్రికే ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగేవారు. ఒక రంగంలో ఈలపాట రఘురామయ్య, ఇంకో రంగంలో పీసపాటి నరసింహమూర్తి, మరోచోట షణ్ముఖి ఆంజనేయరాజు. గొంతు మారుతుంది, ఎత్తు మారుతుంది, ముఖం మారుతుంది. జనానికి మాత్రం కృష్ణుడు ఒక్కడే. ఎందుకంటే నెమలిపింఛం అదే, పీతాంబరం అదే, నీలం రంగు అదే. బట్ట పాత్రదే గానీ నటుడిది కాదన్న సంగతి ఇంతకన్నా స్పష్టంగా ఇంకెక్కడా రుజువు కాదు. అందుకని కృష్ణుడి గుర్తులను నటుడి ఇష్టానికి వదిలెయ్యకూడదు. ఒకరు పసుపు పట్టు, ఇంకొకరు గులాబీ పట్టు కట్టుకుని వస్తే ఆ తెల్లవారుజామున ప్రేక్షకుడు కథను వదిలి నటులను పోల్చుకోవడం మొదలుపెడతాడు.

గుర్తు ఎంత ముఖ్యమో, గుర్తు తీసెయ్యడం కూడా అంతే ముఖ్యం. కర్ణుడి కవచకుండలాలు దీనికి మంచి ఉదాహరణ. భారతం ప్రకారం పాండవుల వనవాసం ముగిసే వేళకే ఇంద్రుడు వాటిని దానంగా పట్టుకుపోయాడు. కాబట్టి ఉద్యోగపర్వం నాటి కర్ణుడికి సహజ కవచమూ లేదు, సహజ కుండలాలూ లేవు. అయినా కర్ణుడనగానే మెరిసే కవచం తొడిగి పంపడం వాడుకైపోయింది. చెవి కమ్మలు మామూలువిగా మార్చి, ఛాతీ మీద ఉత్తరీయం వేస్తే చాలు, దానం చేసి పోగొట్టుకున్న మనిషి ఎదుట నిలబడతాడు. కృష్ణుడు, కుంతి అతనితో మాట్లాడే రంగాలకు అది ఎంత బలమిస్తుందో చూసినవారికే తెలుస్తుంది.

రాజుల బట్టల తీరు ఎక్కడి నుంచి వచ్చిందన్నది వేరే చరిత్ర. పార్శీ నాటక కంపెనీల మఖమలు కోట్లూ జరీ పనీ, 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ అచ్చుకూటం నుంచి ఇంటింటికీ చేరిన దేవుళ్ల పటాలూ కలిసి మన పౌరాణిక వేషాన్ని తయారుచేశాయి. 1885లో పుట్టిన సురభివారు కుటుంబాలుగా బతుకుతూ ఆ బట్టలను తరం నుంచి తరానికి అందించారు. వారిలో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టారు కాబట్టి తెనాలి సమాజాల్లో స్థానం ఎదుర్కొన్న చిక్కులు వారికి లేవు.

సమాజంలోని మనుషులు పాత్రలైనప్పుడు జరీ పెట్టె మూసెయ్యాలి. సాంఘిక నాటకానికి ఊరే బట్టల కొట్టు. చీరాల, భట్టిప్రోలు, మంగళగిరి మగ్గాలు దగ్గర్లోనే ఉన్నాయి. నిజాంపట్నం రేవులో 1611లో ఇంగ్లీషు కంపెనీ ఓడ ఆగి వర్తకస్థానం పెట్టింది ఈ తీరపు నూలు, అద్దకం బట్టల కోసమే. ఇక్కడి చిరివేరు ఎరుపు ఆ బట్టలకు పేరు తెచ్చింది. రేపల్లె దిగువన పాతకాలపు జాలరిని నాటకంలోకి తీసుకురావాలంటే తలకు చీరాల తేలియా రుమాలు చుట్టించడం న్యాయం. నూనెలో నానబెట్టి ఎరుపు, నలుపు, తెలుపు గళ్లతో నేసిన ఆ గుడ్డను జాలర్లూ పశువుల కాపర్లూ తలపాగాగా, లుంగీగా వాడేవారు. అది ఒక్కటి తలకెక్కితే మాటయాస తప్పినా మనిషి తప్పడు. దానికి బదులు సినిమా గళ్ల లుంగీ కట్టిస్తే ఆ మనిషి ఏ సముద్రానికీ చెందడు.

కొత్తబట్ట సాంఘిక నాటకానికి శత్రువు. మడత గీత కనపడుతున్న చొక్కా వేసుకున్న కౌలురైతును ఎవరూ నమ్మరు. బట్టను నాలుగైదుసార్లు ఉతికి, టీ డికాక్షనులో ముంచి, మోకాళ్ల దగ్గరా మెడపట్టీ దగ్గరా రుద్ది అరగదీయాలి. పొలంలో పనిచేసేవాడి పంచె అంచున మట్టి మరక ఉండాలి గానీ భుజం మీద ఉండకూడదు. మూటలు మోసేవాడికైతే భుజం మీదే చిరుగు. గుమాస్తా జేబు దగ్గర సిరామరక, వంటవాడి తుండు మీద నూనె జిడ్డు. మరక ఎక్కడుందో ఆ చోటు మనిషి వృత్తిని చెబుతుంది. కాలం కూడా చూసుకోవాలి. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897 నాటిది. బుచ్చమ్మ బాలవితంతువు, ఆమె నుదుటి మీద బొట్టు గానీ చేతికి గాజు గానీ పొరపాటున మిగిలితే నాటకం వాదించేదంతా కూలిపోతుంది. ధర్మరాజు చేతికి గడియారం మిగిలిపోవడం లాంటి తప్పులు జనం నవ్వి మర్చిపోతారు. బుచ్చమ్మ బొట్టు అలాంటి తప్పు కాదు.

వేషం మనిషిని చూపడం మానేసి కులాన్ని వెక్కిరించడం మొదలుపెడితే ఏమవుతుందో చింతామణి చెబుతుంది. కాళ్లకూరి నారాయణరావు ఆ నాటకాన్ని వేశ్యావ్యసనానికి విరుద్ధంగా రాశారు. దశాబ్దాలపాటు ఆడుతూ ఆడుతూ సుబ్బిశెట్టి పాత్ర హాస్యం కోసం వికారంగా పెరిగింది. మాటా, నడకా, వేషం అన్నీ ఒక వర్గాన్ని ఆటపట్టించేవిగా మారాయి. ఆర్యవైశ్యుల అభ్యంతరాల మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. వేషం ఎంచేవాడు మాత్రం తన బాధ్యత తాను చూసుకోవాలి. డబ్బూ పరువూ పోగొట్టుకుంటున్న ఒక మనిషి సుబ్బిశెట్టిలో ఉన్నాడు. మొదట్లో చలువచేసిన పంచె, ఉంగరాలు. పోనుపోను ఉంగరాలు మాయం. అంతవరకూ ఆ వేషం నిజమైనది. దాటితే అవమానం.

వెలుతురు మాట మర్చిపోతే పైన చెప్పినదంతా వృథా. పెట్రోమాక్సు లైట్ల కాలంలో జరీ, తళుకులు, ముఖానికి తెల్లరంగు తప్పనిసరి, లేకపోతే వెనక చాపల మీద కూర్చున్నవారికి ఏమీ కనపడేది కాదు. ఇప్పటి తీవ్రమైన దీపాల కింద అదే జరీ కళ్లలో పొడుస్తుంది, అదే తెల్లరంగు సున్నంలా కనపడుతుంది. వెనక తెర ఏ రంగో చూసి బట్ట ఎంచాలి. ఎర్ర తెర ముందు ఎర్ర మఖమలు దుర్యోధనుడు తల, చేతులు మాత్రమే ఉన్నవాడిలా తేలతాడు. ఎరుపు ఎలాగూ అతనికే కావాలి కాబట్టి మార్చవలసింది తెరనే. అద్దె పెట్టెల్లోంచి వచ్చిన బట్టలను నాటకం రోజు సాయంత్రం కాక ముందురోజే దీపాల కింద చూసుకోవడం ఈ చిక్కులన్నిటికీ విరుగుడు.

సినిమాలో కెమెరా దగ్గరికి రావడంతో లెక్క మారింది. తెనాలి దగ్గరి బ్రాహ్మణకోడూరుకు చెందిన మాధవపెద్ది గోఖలే విజయావారి కళాదర్శకుల్లో ఒకరు. పాతాళభైరవి, మాయాబజార్ ఆయన, కళాధర్ కలిసి తీర్చిన లోకాలు. మాయాబజార్ 1957లో వచ్చింది. అంతకుముందు ఒక సినిమాలో ఎన్.టి. రామారావు కృష్ణుడిగా కనపడితే జనం మెచ్చలేదు. మాయాబజార్‌లో ఆయన వేషం మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టారు. ఫలితం ఆ తర్వాతి తరాలకు కృష్ణుడి రూపమే అయిపోయింది. తెనాలివారైన చక్రపాణి నాగిరెడ్డితో కలిసి 1947లో తెచ్చిన చందమామ కూడా ఇదే పనిని కాగితం మీద చేసింది. రాజు, మంత్రి, వర్తకుడు, కట్టెలు కొట్టేవాడు ఎవరో బొమ్మ చూడగానే చదవడం రాని పిల్లవాడికి కూడా తెలిసేది.

రేడియో నాటకంలో బట్ట కనపడదు, అయినా ఉంటుంది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. స్టూడియోలో నటులు ఏ బట్టలతో నిలబడినా పాత్రకు వేషం కట్టాల్సిందే. ఆ వేషం చెవికి కట్టాలి. మునికి పావుకోళ్లు, కరణానికి కిర్రుచెప్పులు, ఇంటి పెద్దామెకు బొడ్డులో తాళాలగుత్తి, కొత్తకోడలికి మట్టెలు, జమీందారుకు వెండిపొన్ను చేతికర్ర. ఒక్కో పాత్రకు ఒక్క చప్పుడే ఇవ్వాలి, అదీ ఆ పాత్ర లోపలికి వచ్చినప్పుడూ మనసు చలించినప్పుడూ మాత్రమే. గాజుల చప్పుడు మాటకు మాటకూ వినిపిస్తే సంభాషణ మునిగిపోతుంది. చప్పుడు లేని వస్తువులను ఇంకో పాత్ర నోట పలికించాలి. చీర రంగును ఆ చీర కట్టుకున్నామె చెప్పుకుంటే కృతకంగా ఉంటుంది. తోటికోడలు అసూయతో అంటే రంగుతోపాటు ఇద్దరి మధ్య ఉన్న సంబంధం కూడా శ్రోతకు అందుతుంది.